మేలు మరవకపోవడం: ఇస్లాంలో షుక్ర్, జిక్ర్ ఎక్కడ కలుస్తాయి

క్లుప్తంగా: ఇస్లాంలో కృతజ్ఞతను షుక్ర్ అంటారు, దేవుణ్ణి ఎప్పుడూ తలచుకుంటూ ఉండటాన్ని జిక్ర్ అంటారు. బయటి నుంచి చూస్తే ఇవి రెండు వేర్వేరు ఆచారాల్లా కనిపిస్తాయి. ఖురాన్ మాత్రం రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి చెబుతుంది, ఎందుకంటే రెండింటికీ విరోధి ఒకటే: మరుపు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతంలో అందరికీ తెలిసిన మొక్కు, కందూరు, పీర్ల పండుగల పక్కన పెట్టి చూస్తే ఈ రెండు మాటల అర్థం మరింత తేటపడుతుంది.

నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గరో బండి మీద పండ్లు అమ్ముకునే ముస్లింను "ఎట్లున్నరు భాయ్?" అని పలకరిస్తే తరచుగా వచ్చే జవాబు "అల్హందులిల్లా". గిరాకీ బాగున్న రోజూ అదే మాట, పండ్లు మిగిలి మగ్గిపోయిన రోజూ అదే మాట. వినేవాళ్లకు ఇది "బాగున్నా" అనడానికి అరబ్బీ రూపమనిపిస్తుంది. మరికొందరికి ఊతపదంలా తోస్తుంది. నిజానికి "సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే" అని దాని అర్థం. అడిగింది మనిషి బాగోగుల గురించి, జవాబు వచ్చింది దేవుడి గురించి. బాగుందా లేదా అన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబే లేదు. పండ్లు మగ్గిపోయిన రోజు కూడా ఆ మాట అబద్ధం కాకపోవడానికి కారణం అదే.

పదాల లోపల ఏముంది

అరబ్బీలో షుక్ర్ అనే మాటకు మతంతో సంబంధం లేని పాత వాడుక ఒకటి ఉంది. కొంచెం మేతతోనే ఒళ్లు చేసే పశువును "షకూర్" అనేవారు. వేసిన గడ్డి తక్కువే, అయినా అది పశువు ఒంటి మీద కనబడుతుంది. ఎండాకాలం గడ్డివాము అడుగంటిపోయాక పశువులను సాకిన పాలమూరు రైతుకు ఈ పోలికను విడమరిచి చెప్పక్కర్లేదు. తిన్నది కనబడాలి. అందిన మేలు మనిషి మాటలో, నడతలో బయటపడటమే షుక్ర్. అల్లాహ్‌కు ఉన్న పేర్లలో కూడా "అష్షకూర్" ఒకటి. దాసుడు చేసిన చిన్న మంచికి పెద్ద ప్రతిఫలమిచ్చేవాడని దాన్ని వివరిస్తారు.

దీనికి ఎదురుగా నిలిచే మాట కుఫ్ర్. మామూలుగా దాన్ని అవిశ్వాసం అని తెలుగు చేస్తారు, కానీ ఆ ధాతువు మూలార్థం కప్పడం. ఖురాన్ 57వ సూరా (అధ్యాయం) 20వ వాక్యంలో వాన పడ్డాక ఎదిగిన పైరును చూసి మురిసిపోయేవాళ్లను "కుఫ్ఫార్" అన్నారు. అక్కడ ఆ మాటకు రైతులు అనే అర్థాన్నే చాలామంది వ్యాఖ్యాతలు తీసుకుంటారు. గొర్రుతో విత్తి, విత్తనం మీద మట్టి కప్పేవాడు అన్నమాట. రైతు విత్తనాన్ని కప్పేది మొలకెత్తడానికి. కృతజ్ఞత లేనివాడు తనకు జరిగిన మేలును కప్పేస్తాడు, అది ఇంకెవరికీ, చివరికి తనకు కూడా కనబడకుండా. 76వ సూరా మూడో వాక్యం మనిషి ముందు రెండే దారులు పెడుతుంది: కృతజ్ఞుడిగా ఉండటం, కాదంటే కృతఘ్నుడు కావడం. అందువల్ల ఇస్లాంలో కృతజ్ఞత మర్యాదకు సంబంధించిన చిన్న సద్గుణంగా ఆగిపోదు. విశ్వాసం అనే మాటకు దాదాపు మారుపేరుగా నిలుస్తుంది.

తెలుగులోనూ ఇలాంటి లోతు ఉంది. కృతజ్ఞత అంటే చేసినదాన్ని ఎరిగి ఉండటం, కృతఘ్నత అంటే చేసినదాన్ని చంపేయడం. అయితే జనం నోట ఈ రెండు మాటలూ అంతగా వినబడవు. "నీ మేలు మరవను" అంటారు. "ఉప్పు తిన్న విశ్వాసం" అంటారు. ఎవరైనా ముఖం చాటేస్తే "చేసినదంతా మరిచిపోయిండు" అని బాధపడతారు. తెలుగువాళ్ల వాడుకలో కృతజ్ఞతకు అసలు పేరు జ్ఞాపకమే. షుక్ర్‌నూ జిక్ర్‌నూ కలిపే ముడి ఇక్కడే ఉంది.

జిక్ర్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి: మనసులో గుర్తుంచుకోవడం, నోటితో పేరెత్తడం. తెలుగులో "తలచు" అనే క్రియ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. "ఇప్పుడే నిన్ను తలుచుకున్నాం" అంటే మనసులోకి తెచ్చుకున్నామనీ అవుతుంది, నీ మాటే అనుకున్నామనీ అవుతుంది. దీనికి ఎదురుమాట గఫ్లత్, అంటే ఏమరుపాటు.

ఒకే వాక్యం, రోజంతా పని

ఖురాన్ రెండో సూరా 152వ వాక్యం సారాంశం ఇది: మీరు నన్ను తలచుకోండి, నేను మిమ్మల్ని తలచుకుంటాను, నాకు కృతజ్ఞులై ఉండండి, కృతఘ్నులు కావద్దు. జిక్ర్, షుక్ర్, కుఫ్ర్ మూడూ వరుసగా వచ్చాయి. ఆ వరుసలో ఒక తర్కం ఉంది. ముందు గుర్తుంటేనే తర్వాత కృతజ్ఞత. గుర్తులేని మేలుకు ఎవరూ కృతజ్ఞత చూపలేరు. 59వ సూరా 19వ వాక్యం మరో అడుగు వేసి, అల్లాహ్‌ను మరిచినవాళ్లు చివరికి తమను తామే మరిచిపోయేలా ఆయన చేశాడని హెచ్చరిస్తుంది.

గుర్తుంచుకోమని చెప్పడం తేలిక, అలా ఉండటం కష్టం. మనిషి మనసుకు అలవాటైనది కనబడదు. నల్లాలో రోజూ నీళ్లొస్తే నీళ్లు గుర్తుకు రావు, రెండు రోజులు ఆగిపోతే అప్పుడు గుర్తొస్తాయి. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన నల్లగొండ జిల్లాలో మంచినీళ్ల విలువ ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు. అయినా శుద్ధి చేసిన నీళ్లు ఇంటికి వచ్చాక ఆ విలువ కూడా మెల్లగా మసకబారుతుంది. దీన్ని ఒక్క మంచి ఉద్దేశంతో జయించలేమని ఇస్లాం ఆచారాల అమరిక ఒప్పుకుంటున్నట్టు కనిపిస్తుంది. అందుకే తలపును రోజులోని పనులకు ముడివేసింది.

నిద్ర లేవగానే చదివే దుఆ (ప్రార్థన) "మృత్యువు తర్వాత మాకు జీవం పోసిన అల్లాహ్‌కే స్తోత్రం" అని మొదలవుతుంది. అందులో నిద్రను చిన్న చావుగా లెక్కగట్టారు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు బిస్మిల్లా (అల్లాహ్ పేరుతో), తిన్నాక అల్హందులిల్లా. తుమ్మితే అల్హందులిల్లా, పక్కన విన్నవాళ్లు "యర్‌హముకల్లాహ్", అంటే అల్లాహ్ నిన్ను కరుణించుగాక అని బదులివ్వాలి. తుమ్ము వచ్చేదాకా ఒంట్లో ఊపిరి ఆడుతోందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? దుకాణం షట్టర్ ఎత్తేటప్పుడు, ట్రాక్టర్ స్టార్ట్ చేసేటప్పుడు, పిల్లకు మొదటి అక్షరం దిద్దించేటప్పుడు కూడా అదే బిస్మిల్లా. ఐదు పూటల నమాజులో విధిగా చేయాల్సిన రకాతులు (నమాజు ఆవృత్తులు) 17. నమాజులో చదివే ఫాతిహా సూరా మొదలయ్యేదే "అల్హందు" అనే మాటతో.

రంజాన్ ఉపవాసాలను ఆజ్ఞాపించిన 2వ సూరా 185వ వాక్యం కూడా "మీరు కృతజ్ఞులు కావడానికి" అనే మాటతోనే ముగుస్తుంది. ఆకలి తెలిసిన నాలుకకు ఇఫ్తార్ వేళ మొదటి ఖర్జూరం వేరుగా తగులుతుంది. ఉపవాసం మనిషిని అలవాటు నుంచి కొన్ని గంటలు బయటికి లాగి, మళ్లీ అదే అన్నం ముందు కూర్చోబెడుతుంది.

తరచూ వచ్చే సందేహం ఒకటుంది: ఎప్పుడూ దైవస్మరణలో ఉండాలంటే సంసారం వదిలేయాలా? దీనికి ఖురాన్ జవాబు జుమా గురించి చెప్పిన 62వ సూరాలో దొరుకుతుంది. శుక్రవారం పిలుపు వినబడగానే బేరం ఆపి అల్లాహ్ జిక్ర్‌కు రమ్మంటుంది. నమాజు ముగియగానే భూమి మీద చెదిరిపోయి ఆయన అనుగ్రహాన్ని వెతుక్కోమంటుంది, అంటే పని చూసుకోమంటుంది. ఆ వెంటనే "అల్లాహ్‌ను ఎక్కువగా తలచుకోండి" అని మళ్లీ చెబుతుంది. మసీదులో చేసిన జిక్ర్‌తో సరిపోలేదు, బజారులోనూ కావాలి. నక్ష్‌బందీ శాఖకు చెందిన సూఫీలు (ముస్లిం మార్మిక సాధకులు) దీన్నే "ఖల్వత్ దర్ అంజుమన్" అన్నారు. గుంపులో ఉంటూనే లోపల ఏకాంతం అని దాని అర్థం.

నామస్మరణతో పోలిక, తేడా

తెలుగు పాఠకులకు వెంటనే గుర్తొచ్చేది నామజపం, రామకోటి. యాదగిరిగుట్ట దారిలో నరసింహస్వామి నామం చెప్పుకుంటూ నడిచే భక్తుడూ, ఫజర్ (తెల్లవారుజాము) నమాజయ్యాక తస్బీ (జపమాల) తిప్పుతూ కూర్చున్న ముసలాయనా చేస్తున్నది ఒకటేనా? లెక్క, వల్లింపు, ఏకాగ్రత రెండింటిలోనూ ఉన్నాయి. తేడా మాటల కూర్పులో ఉంది. హదీసుల్లో, అంటే ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల్లో, నేర్పిన జిక్ర్‌లు ఎక్కువగా అర్థం పూర్తయిన వాక్యాలు: సుబ్‌హానల్లాహ్ (అల్లాహ్ పరమ పవిత్రుడు), అల్హందులిల్లాహ్, అల్లాహు అక్బర్. ఒక్క పేరును మాత్రమే మళ్లీ మళ్లీ పలికే పద్ధతి సూఫీ తరీఖాల్లో (సాధనా శాఖల్లో) బలంగా ఉంది. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. జిక్ర్ గట్టిగా చేయాలా, మనసులో చేయాలా అన్న చర్చ కూడా పాతదే. సూఫీ శాఖల్లో చిష్తీలు, ఖాదిరీలు గొంతెత్తి చేసే జిక్ర్‌కు పేరుపడ్డారు, నక్ష్‌బందీలు మౌన జిక్ర్‌కు.

గజాలీ చూపిన మూడు మెట్లు

1111లో కన్నుమూసిన ఇస్లామీ పండితుడు ఇమామ్ గజాలీ తన పెద్ద గ్రంథం ఇహ్యాలో సహనం, కృతజ్ఞతలకు కలిపి ఒక పూర్తి భాగం కేటాయించారు. ఆయన లెక్కలో షుక్ర్‌కు మూడు మెట్లున్నాయి. మొదటిది ఎరుక: ఈ మేలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం. రెండోది ఆ ఎరుకతో మనసుకు కలిగే సంతోషం. మూడోది పని: అందినదాన్ని ఇచ్చినవాడికి నచ్చే తీరులో వాడటం. కళ్లకు కృతజ్ఞత ఇతరుల లోపాలు కనబడినా కప్పిపుచ్చడం, డబ్బుకు కృతజ్ఞత జకాత్, అంటే మిగులు సొత్తులో 2.5 శాతం పేదల పాలు. ఇక్కడ కప్పడం మంచి గుణమైపోయింది చూడండి. మేలును కప్పితే కుఫ్ర్, పక్కవాడి తప్పును కప్పితే షుక్ర్.

34వ సూరా 13వ వాక్యం దావూదు ప్రవక్త కుటుంబానికి కృతజ్ఞతతో "పని చేయండి" అని చెబుతుంది. ఒట్టి మాటతో సరిపెట్టుకోమనలేదు. ముహమ్మద్ ప్రవక్త రాత్రిళ్లు పాదాలు వాచేదాకా నమాజులో నిలబడితే, పాపాలన్నీ క్షమించబడ్డాక ఇంత శ్రమ ఎందుకని ఆయన భార్య ఆయిషా అడిగారు. "నేను కృతజ్ఞత గల దాసుణ్ణి కావొద్దా?" అన్నది ఆయన బదులు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ చూపనట్టే అనే హదీసు ఈ లెక్కను నేల మీదికి దింపుతుంది. 31వ సూరా 14వ వాక్యం "నాకూ, నీ తల్లిదండ్రులకూ కృతజ్ఞుడవై ఉండు" అని ఒకే ఊపిరిలో చెప్పింది.

ఈమధ్య రీల్స్‌లో, వాట్సాప్‌లో రోజూ మూడు మంచి విషయాలు రాసుకోమనే సలహాలు ఎక్కువయ్యాయి. వాటి వెనక ఉన్న పేరున్న పరిశోధనల్లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించినది ఒకటి. తమకు అందిన మంచిని రాసుకున్నవాళ్లు, చికాకులు రాసుకున్నవాళ్లకంటే మెరుగ్గా ఉన్నామని చెప్పారు. టెన్షన్ తగ్గించుకోవడానికి అది పనికొచ్చే అలవాటే. షుక్ర్‌తో దానికి తేడా ఏమిటంటే, డైరీలో మేలు లెక్క ఉంటే చాలు, ఇచ్చినవాడు ఉండక్కర్లేదు. షుక్ర్‌లో ఇచ్చినవాడే మొదటి మెట్టు. మనశ్శాంతి ఫలితంగా రావచ్చు. జిక్ర్‌తోనే హృదయాలు నెమ్మదిస్తాయని 13వ సూరా 28వ వాక్యం చెబుతుంది కూడా. కానీ ఆ నెమ్మది కోసమే జిక్ర్ చేస్తే లెక్క తలకిందులవుతుంది.

మొక్కు, కందూరు: షుక్ర్‌కు దగ్గరా, దూరమా?

దక్షిణ తెలంగాణలో ఇస్లాం గురించిన అయోమయం ఎక్కువగా దర్గాల దగ్గర పుడుతుంది. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గాకు, ఒకప్పుడు పాలమూరు జిల్లాలో, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు ముస్లింలతో పాటు హిందువులూ వెళతారు. పిల్లలు పుడితేనో, జబ్బు నయమైతేనో, బోరులో నీళ్లు పడితేనో మొక్కు చెల్లించుకుంటారు. మేకనో పొట్టేలునో కోయించి, దర్గా సేవకుడైన ముజావర్‌తో ఫాతెహా చదివించి, బంధుమిత్రులకు అక్కడే వండి పెడతారు. దీనికే కందూరు అని పేరు.

ఇది కృతజ్ఞతే కదా అనిపిస్తుంది. అందులో కృతజ్ఞత ఉన్న మాట నిజమే. ఏళ్ల కిందటి మొక్కును గుర్తుపెట్టుకుని, అప్పు చేసైనా చెల్లించడంలో మరవకపోవడం ఉంది. తేడా ముందువెనకల్లో ఉంది. మొక్కుకు షరతు ఉంటుంది: ఇది జరిగితే అది ఇస్తాను. షుక్ర్‌కు షరతు లేదు, మేలు అప్పటికే అందేసిందన్న గుర్తింపుతో అది మొదలవుతుంది. షరతు మొక్కు, అంటే నజర్, విధిని ఏమీ మార్చదని, పిసినారి చేతి నుంచి కొంత బయటికి లాగడం తప్ప అది చేసేదేమీ లేదని హదీసు ఉంది. అలాగని మొక్కిన మొక్కును ఎగ్గొట్టమనలేదు. మొక్కులు తీర్చేవాళ్లను 76వ సూరా మెచ్చుకుంటుంది. 10వ సూరాలో ఒక పడవ దృశ్యం వస్తుంది. తుపానులో చిక్కినవాళ్లు "మమ్మల్ని గట్టెక్కిస్తే తప్పక కృతజ్ఞులమై ఉంటాం" అని వేడుకుంటారు, ఒడ్డున పడగానే మళ్లీ దౌర్జన్యానికి దిగుతారు. కష్టం ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకం గురించి ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

కందూరు మీద ముస్లిం పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అహ్లె హదీస్ వంటి వర్గాలు మొక్కు అల్లాహ్‌కు మాత్రమే చెల్లాలని, సమాధి దగ్గర చేసే బలి ఆ హద్దు దాటుతుందని అంటాయి. దర్గా సంప్రదాయం వాళ్లు, జంతువును కోసేది అల్లాహ్ పేరుతోనే, దాని పుణ్యాన్ని మాత్రమే వలీకి (సమాధిలోని పుణ్యపురుషుడికి) చేరవేస్తాం, అన్నం జనం తింటారు అని బదులిస్తారు. ఈ వాదంలో రెండు వైపులా ఉన్నది ఒకే ఆందోళన: మేలు చేసింది ఎవరన్నది మరుగున పడకూడదు.

పీర్ల పండుగలోనూ ఇలాంటి రెండు పొరలున్నాయి. మొహర్రం పదో రోజు ఊళ్లలో పీర్లు లేచేది 680లో కర్బలాలో జరిగిన హుసేన్ బలిదానం జ్ఞాపకంగా. అదే పదో తేదీన చాలామంది ముస్లింలు ఉపవాసం ఉంటారు. ఫిరౌను బారి నుంచి తన జనం బయటపడినందుకు మూసా ప్రవక్త ఆ రోజు కృతజ్ఞతగా ఉపవసించాడని సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. ఒకే రోజున ఒక దుఃఖ స్మరణ, ఒక కృతజ్ఞత.

కష్టంలో ఉన్నవాడు కూడా అనాలా?

కరువుకు, వలసకు పేరుపడ్డ నేలలో ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. గుంపు మేస్త్రీ వెంట పోయి ఏళ్లకేళ్లు డ్యామ్‌ల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసిన పాలమూరు లేబర్ బిడ్డకు "ఉన్నదానికి సంతోషించు" అని చెప్పడం తేలిక. కృతజ్ఞత బోధ అన్యాయాన్ని భరించమనే బోధగా మారిపోయే ప్రమాదం ఏ మతంలోనైనా ఉంది.

ఇస్లామీ మూలగ్రంథాల్లో దీనికి మూడు అడ్డుకట్టలు కనిపిస్తాయి. కష్టంలో మొదట చెప్పిన మాట సబర్, అంటే సహనం. విశ్వాసికి మంచి జరిగితే షుక్ర్, చెడు జరిగితే సబర్, రెండూ అతనికి మేలే అన్నది హదీసు. చెడును మంచి అని పిలవమనలేదు. రెండోది, గోడు వెళ్లబోసుకోవడం తప్పు కాదు. కొడుకును పోగొట్టుకున్న యాకూబు ప్రవక్త నా బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని అన్నాడు, ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడ్డాయి. మూడోది అన్నిటికంటే గట్టిది. చెడ్డ మాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెప్పే 4వ సూరా 148వ వాక్యం, అన్యాయానికి గురైనవాణ్ణి మాత్రం అందులోంచి మినహాయించింది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు కూడా యజమానికి చెప్పిందే. కూలి ఎగ్గొట్టినవాడు షుక్ర్ గురించి చెప్పే ప్రవచనానికి ఈ గ్రంథాల్లో చోటు లేదు.

తిరగలి, చింతగింజలు, వేళ్లు

జిక్ర్ లెక్కల్లో అందరికీ తెలిసినది తస్బీహె ఫాతిమా. దాని పుట్టుక తిరగలి దగ్గర. ప్రవక్త కూతురు ఫాతిమాకు తిరగలి తిప్పీ తిప్పీ అరచేతులు పాడయ్యాయి. ఒక పనిమనిషిని ఇప్పించమని అడగడానికి తండ్రి ఇంటికి వెళితే ఆయన లేరు. రాత్రి ఆ దంపతులు పడుకున్నాక ఆయనే వచ్చి, మీరు అడిగినదానికంటే మేలైనది చెబుతానంటూ నేర్పినది ఇది: పడుకునే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్హందులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్. ఆ తర్వాత ఏ రాత్రీ దాన్ని వదల్లేదని, సిఫ్ఫీన్ యుద్ధం నాటి రాత్రి కూడా చదివానని భర్త అలీ చెప్పారు. అరచేతుల నొప్పి పోయిందని ఆ కథలో ఎక్కడా లేదు.

ఈ తిరగలి దక్కనుకు మరో రూపంలో వచ్చింది. నారాయణపేట, గద్వాల సరిహద్దు దాటితే రాయచూరు, దానికి పైన బీజాపూర్. అక్కడి సూఫీలు దక్ఖనీ భాషలో చక్కీనామాలు కట్టారు. ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకోవడానికి కుదిరిన లయలో జిక్ర్‌ను పొదిగారు. నిలువుగా ఉండే తిరగలి పిడిని అల్లాహ్ పేరులోని మొదటి అక్షరం అలిఫ్‌తో పోల్చారు. అరబ్బీ రాని ఇల్లాలికి చేతిలోని పిడే అక్షరమైంది. పిండి మిల్లులు వచ్చాక తిరగలి మూలపడింది, దానితో ఆ పాటా పోయింది.

చింతగింజలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఆపద వచ్చినప్పుడు యూనుసు ప్రవక్త చేప కడుపులో చేసిన ప్రార్థనను, అంటే ఆయతె కరీమాను, లక్షా పాతికవేల సార్లు చదివే ఆచారముంది. తెల్లటి దుప్పటి పరిచి మధ్యలో గింజలు కుప్పపోస్తారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పిడికెడు తీసుకుని, ఒక్కసారి చదివి ఒక్క గింజ పక్కకు జరుపుతారు. గింజకు గింజ తగిలే చప్పుడు, సన్నని గుసగుస తప్ప ఇంకేమీ వినబడదు. ఒక కుప్ప తరిగి ఇంకో కుప్ప పెరుగుతుంది.

ఇప్పుడు వేలికి తొడుక్కుని బటన్ నొక్కితే అంకె మారే డిజిటల్ తస్బీలు వచ్చాయి, ఫోన్‌లో యాప్‌లూ ఉన్నాయి. పూసలైనా, గింజలైనా, యంత్రమైనా లెక్కకు సాయమే తప్ప ఆరాధన కాదన్నది చాలామంది పండితుల మాట. హదీసుల్లో ప్రవక్త ఆడవాళ్లకు చెప్పినది వేళ్లతో లెక్కపెట్టమని. రేపు తీర్పు రోజున ఆ వేళ్లను ప్రశ్నిస్తారని, అవి మాట్లాడతాయని. అందుకే పెద్దవాళ్లు పిల్లలకు తస్బీ చేతికివ్వకుండా ముందు వేళ్ల గీతలు చూపిస్తారు. ఒక్కో వేలికి మూడు చొప్పున పది వేళ్లకు 30, పైన ఇంకో మూడు.